చూడదగ్గ సినిమా రేగోడ్ దాకా ఎలా వస్తుంది?

2016లో నెల రోజుల తేడాతో రెండు సంగతులు జరిగాయి. సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై మొబైల్ డేటా ధర ఒక్కసారిగా పడిపోయింది. అక్టోబరు 11న, దసరా నాడు, పాత మెదక్ జిల్లా మూడు జిల్లాలైంది. రేగోడ్ మెదక్‌లోనే ఉండిపోయింది. పొరుగున ఉన్న నారాయణఖేడ్, అటు దూరంగా ఉన్న జహీరాబాద్ సంగారెడ్డి జిల్లాలోకి వెళ్లాయి. గజ్వేల్ సిద్దిపేటలో కలిసింది. విభజన పొరుగూళ్లను పొరుగు జిల్లాలు చేసింది. చౌక డేటా టెహ్రాన్‌నూ సియోల్‌నూ చేతిలోని ఫోన్‌లోకి తెచ్చింది. ఈ వ్యాసానికి రెండూ కావాలి.

ఇరాన్ సినిమా, జపాన్ సినిమా, పక్క రాష్ట్రంలో పేరున్న హీరో ఎవరూ లేకుండా తీసిన చిన్న సినిమా, ఎవరో మూడేళ్లపాటు ఒకే ఊళ్లో ఉండి తీసిన డాక్యుమెంటరీ. ఇలాంటివి ఇంట్లో చూడాలనుకునేవాళ్లు ఇదివరకు అడిగే ప్రశ్న ఒక్కటే: ఎక్కడ దొరుకుతుంది? రేగోడ్ లాంటి మండల కేంద్రంలో కూడా ఆ ప్రశ్న ఇప్పుడు చాలావరకు తీరిపోయింది. తీరనివి రెండున్నాయి. వేల సినిమాల్లోంచి ఏది చూడాలో చెప్పేవాళ్లు ఎవరు? చెప్పినా, అది మనకు అర్థమయ్యే భాషలో ఉందా? ఓటీటీల గురించి వచ్చే వ్యాసాలన్నీ మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. తెలుగు మాత్రమే హాయిగా చదవగలిగేవాళ్లకు రెండోదే అసలు గోడ. వాటికి తోడు నన్ను ఎక్కువగా వేధించే సంగతి ఇంకోటుంది. పాత మెదక్ జిల్లా ఆడవాళ్లు స్వయంగా తీసిన చిత్రాలు మెదక్ ఇళ్లలో కంటే విదేశీ సభల్లో ఎక్కువగా చూశారు.

ముందు ఎంపిక సంగతి. ఒకప్పుడు ఆ పని దూరదర్శన్ చేసిపెట్టేది. ఎనభైలలో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రం వచ్చేది. జాతీయ అవార్డు పొందిన బెంగాలీ సినిమా ఒక వారం, మలయాళం ఇంకో వారం, అస్సామీ మరో వారం. కింద ఇంగ్లీషు అక్షరాలు. టీవీ ఉన్న ఇంట్లో వాడకట్టు సగం చేరేది. ఇంకో ఛానెల్ లేదు కాబట్టి చూసేవారు, అందులో గొప్ప అభిరుచి ఏమీ లేదు. అయినా అదూర్ గోపాలకృష్ణన్ పేరు, మృణాల్ సేన్ పేరు పల్లెల్లో కొందరికి తెలిసింది అలాగే. అంతకు ముందు, 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు అమెరికా ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు పంపారు. వ్యవసాయం, ఆరోగ్యం, చదువు వాటి విషయాలు. ఆ పనిలో ఉన్న యువ టీవీ నిర్మాతల్లో పి.వి. సతీష్ ఒకరు. ఆయన ఈ వ్యాసంలో మళ్లీ వస్తారు.

పట్నాల్లో ఈ బాధ్యత ఫిలిం సొసైటీలది. హైదరాబాద్ ఫిలిం క్లబ్ 1974లో పుట్టింది. సారథి స్టూడియోస్ ప్రివ్యూ థియేటర్‌లో కూర్చుని హైదరాబాదీలు కురొసావానూ బెర్గ్‌మాన్‌నూ చూశారు. కరీంనగర్‌లో ఫిలిం సొసైటీ నడిచింది, వారాల ఆనంద్ లాంటివాళ్లు దాని చుట్టూ ఒక తరం ప్రేక్షకులను తయారుచేశారు. 2010లో బంజారాహిల్స్‌లో లామకాన్ వచ్చాక డాక్యుమెంటరీలకు ఒక ఉచిత వేదిక దొరికింది. ఇవన్నీ మంచి పనులే, కానీ ఆరింటికి సినిమా చూసి రాత్రికి రేగోడ్ చేరడం ఎవరివల్లా కాదు. మండలాల దాకా ఆ ఉద్యమం రానేలేదు.

ఇప్పుడు ఎంపిక చేసేది యంత్రం. మీరు చూసినదాన్ని పోలినదే మళ్లీ చూపిస్తుంది. పట్నంలో ఒంటరిగా ఉండే ఉద్యోగికి ఇది కొంత పనికొస్తుందేమో. ఇంటిల్లిపాదికీ ఒకే ఖాతా ఉన్నచోట అది పూర్తిగా తికమకపడుతుంది. పొద్దున పిల్లల కార్టూన్లు, మధ్యాహ్నం సీరియల్, రాత్రి డబ్బింగ్ యాక్షన్ సినిమా కలిపి లెక్కేసి, అందరికీ సరిపోయేదంటూ ఎవరికీ అక్కర్లేనిది ముందు పెడుతుంది. అందుకే చేయాల్సిన మొదటి పని చాలా చిన్నది. ఖాతాలో మీకోసం వేరే ప్రొఫైల్ తెరుచుకోండి. అందులో మీరు చూడాలనుకున్న తరహా సినిమాలు తప్ప ఇంకేమీ చూడకండి.

రెండో పని యంత్రాన్ని పక్కనపెట్టి మనుషులు వేసిన జాబితాలను ఆశ్రయించడం. మన జాతీయ అవార్డుల జాబితా ఉచితం, 1950ల నుంచీ ఉంది, ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు కొంకణి, మణిపురి చిత్రాల పేర్లూ ఇస్తుంది. అందులో కథేతర చిత్రాల విభాగాన్ని ఎవరూ చదవరు, నిజానికి అదే ఎక్కువ ఉపయోగం. విదేశాల్లో డాక్యుమెంటరీలకు ఆమ్‌స్టర్‌డామ్, యమగాతా ఉత్సవాలు, కొత్త దర్శకుల మొదటి సినిమాలకు రోటర్‌డామ్, లొకార్నో. కాన్ పెద్ద బహుమతి కంటే ఈ పక్క ఉత్సవాల జాబితాల్లోనే మన పల్లె ప్రేక్షకుడికి దగ్గరయ్యే సినిమాలు ఎక్కువ దొరుకుతాయని నా అభిప్రాయం. విమర్శకుల మహాజాబితాలతో మాత్రం మొదలుపెట్టొద్దు. 2022లో బ్రిటన్ పత్రిక సైట్ అండ్ సౌండ్ జరిపిన ఓటింగ్‌లో ప్రపంచ అత్యుత్తమ చిత్రంగా నిలిచింది శాంతల్ ఆకర్మన్ 1975లో తీసిన జాన్ డీల్మన్. మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒక గృహిణి మంచం సర్దుతుంది, బంగాళాదుంపలు ఒలుస్తుంది, గిన్నెలు కడుగుతుంది. గొప్ప సినిమాయే, సందేహం లేదు. కానీ రోజంతా అదే పని చేసి వచ్చి కూర్చున్న ఇల్లాలు పది నిమిషాలకు లేచిపోతే తప్పుపట్టలేం. చివరిదాకా కూర్చుంటే మాత్రం విమర్శకులకంటే ఆమెకే అది బాగా తెలుస్తుంది.

ఏది ఎక్కడుందో చెప్పే జస్ట్‌వాచ్ లాంటి సైట్లు ఉన్నాయి, సినిమా పేరు కొడితే మన దేశంలో ఏ యాప్‌లో ఉందో చూపిస్తాయి. లెటర్‌బాక్స్‌డ్‌లో మీ అభిరుచికి దగ్గరగా ఉన్న ఒకరిద్దరిని పట్టుకుంటే ఏడాదికి సరిపడా పేర్లు దొరుకుతాయి. ముబి 2019లో మన దేశానికి వచ్చింది. రోజుకో సినిమా చొప్పున మనుషులు ఎంచి పెట్టే పద్ధతి వల్లే దానికి పేరు వచ్చింది. ఆ చందాకు విలువ ఉంది. కానీ తెలుగు అక్షరాలు ఆశించకూడదు. నెట్‌ఫ్లిక్స్ 149 రూపాయల మొబైల్ చందా ఒక్క ఫోన్‌కే పరిమితం, ఇంట్లో అందరూ కలిసి చూడటానికి పనికిరాదు. ఆహా 2020 ఉగాదికి తెలుగు కోసమే మొదలైంది, మొదట్లో మలయాళ చిత్రాలను తెలుగులోకి తెచ్చి మంచి పని చేసింది. యాప్‌ల గురించి ఇంతకంటే చెప్పడం దండగ. ఈ నెల ఉన్న సినిమా వచ్చే నెల ఉండదు, నిరుటి కంపెనీ పేరు ఈ ఏడు మారిపోతుంది.

ఇక భాష. మనీ హైస్ట్ అనే స్పానిష్ సిరీస్ చివరి భాగాలకు 2021లో తెలుగు గొంతులు వచ్చాయి. కొరియా సిరీస్‌లకూ వచ్చాయి. అంటే కోట్లమంది చూస్తారని లెక్క తేలినవాటికి తెలుగు దొరుకుతుంది. ఇరాన్ పల్లెలో ఒక పిల్లవాడి కథకు దొరకదు, మాసిడోనియా తేనెటీగల డాక్యుమెంటరీకి దొరకదు. వీటికి కింద ఇంగ్లీషు అక్షరాలే దిక్కు. వేగంగా మారిపోయే ఇంగ్లీషు వాక్యాలను చదువుకుంటూ బొమ్మ చూడటం ఇంజనీరింగ్ చదివే కొడుక్కి సులువు, తండ్రికి కాదు, నాయనమ్మకు అసలే కాదు. విదేశీ సినిమా ఇంట్లోకి వచ్చినా ఒక గదికే పరిమితమవుతోంది.

ఇది తీర్చలేని సమస్యేమీ కాదని కేరళ చూపించింది. 2012లో అక్కడ ఎంసోన్ అనే పేరుతో కొందరు ఔత్సాహికులు ప్రపంచ సినిమాలకు మలయాళ సబ్‌టైటిళ్లు రాయడం మొదలుపెట్టారు. జీతం లేదు, లాభం లేదు. ఉపాధ్యాయులు, విద్యార్థులు, ప్రవాసులు తలా ఒక సినిమా తీసుకుని రాశారు. ఇప్పుడు అవి వేలల్లో ఉన్నాయి. ఆ అక్షరాలను జోడించే సినిమా ప్రతి ఎక్కడినుంచి వచ్చిందన్న చట్టపరమైన చిక్కు ఉంది, దాన్ని దాచిపెట్టడం లేదు. కానీ పని విలువ వేరు. తెలుగులో అనువాదకులకు లోటు లేదు, రష్యన్ నవలలు ఇల్లిల్లూ తిరిగిన భాష ఇది. సినిమాకు మాత్రం ఆ చేయి అందలేదు. ప్రభుత్వ అకాడమీలో, విశ్వవిద్యాలయాల అనువాద శాఖలో ఏడాదికి పాతిక మంచి చిత్రాలకు హక్కులు తీసుకుని తెలుగు సబ్‌టైటిళ్లు రాయించడం పెద్ద ఖర్చేమీ కాదు. సినిమా అంటే మోజుపడే రాష్ట్రాలు రెండున్నాయి, ఒక్కటీ ఆ పని తలపెట్టలేదు.

అందాకా ఒక దారి ఉంది. మాటలు లేని సినిమాలతో మొదలుపెట్టడం. సింగీతం శ్రీనివాసరావు 1987లో పుష్పక విమానం తీసి, మాట లేకుండా రెండు గంటలు కూర్చోబెట్టవచ్చని మనకు చూపించాడు. అలాంటివి ప్రపంచంలో చాలా ఉన్నాయి. 1960లో జపాన్ దర్శకుడు కనెతో షిందో తీసిన ది నేకెడ్ ఐలాండ్ వాటిలో మొదట చెప్పుకోవాల్సింది. సముద్రం మధ్య ఒక గుట్టలాంటి దీవి. నీటిచుక్క లేదు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. రోజూ పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లి మంచినీళ్లు తెచ్చి, కావడి భుజాన వేసుకుని నిటారు గట్టు ఎక్కి, ఒక్కో మొక్కకు గరిటెతో పోస్తారు. ఒకసారి ఆమె కాలు జారి నీళ్లు ఒలికిపోతాయి. ఆ ఒక్క దృశ్యం చాలు. బోరు ఎండిపోయిన చేను చూసినవాళ్లకు ఈ సినిమాకు అనువాదం అక్కర్లేదు. మాస్కో ఉత్సవంలో 1961లో పెద్ద బహుమతి వచ్చింది దీనికి. 2024లో లాత్వియా నుంచి వచ్చిన ఫ్లో అనే యానిమేషన్ చిత్రంలోనూ మాట ఉండదు. వరదలో చిక్కిన పిల్లి, దానికి తోడైన జంతువులు. ఆస్కార్ అందుకుంది. పిల్లలతో కలిసి చూడవచ్చు, ఎవరూ ఎవరికీ వివరించనక్కర్లేదు.

మాట తక్కువున్నవి ఆ తర్వాత. 2021లో రోటర్‌డామ్‌లో టైగర్ అవార్డు గెలిచిన తమిళ చిత్రం కూళాంగల్. మదురై వైపు ఎండిపోయిన పల్లె. పుట్టింటికి వెళ్లిన తల్లిని తీసుకురావడానికి తండ్రి కొడుకును బడి నుంచి లాక్కుపోతాడు, తిరుగు దారిలో మండుటెండలో ఇద్దరూ నడుస్తారు. దర్శకుడు పి.ఎస్. వినోద్‌రాజ్‌కు అది మొదటి సినిమా. మే నెల మధ్యాహ్నం మెదక్ రోడ్డు మీద నడిచినవాళ్లకు ఆ నేల, ఆ కోపం, ఆ దాహం పరిచయమే. 2019 డాక్యుమెంటరీ హనీల్యాండ్ గురించి ఒక విషయం చెబితే నమ్మశక్యం కాదు. మాసిడోనియా కొండల్లో అడవి తేనె తీసి బతికే ఒంటరి స్త్రీ కథ అది. ఆమె మాట్లాడేది పాతకాలపు టర్కిష్ యాస. తీసిన దర్శకులిద్దరికీ తీస్తున్నంతకాలం ఆ భాష రాదు. చూపునూ చేతలనూ బట్టి కథ అల్లుకున్నారు. తేనె తీసేటప్పుడు సగం నీకు, సగం నాకు అని ఆమె ఈగలతో చెప్పే ఒప్పందం, పక్కకు వచ్చిన కుటుంబం దాన్ని మీరడం, ఇవన్నీ సబ్‌టైటిళ్లు సగం చదివినా తెలిసిపోతాయి.

ఇంకో పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది. ఇంట్లో అందరికీ నచ్చిన తెలుగు సినిమాను పట్టుకుని దాని బంధువు ఎక్కడుందో వెతకడం. బలగం చూడని ఇల్లు తెలంగాణలో తక్కువ. 2023 మార్చిలో వేణు యెల్దండి తీసుకొచ్చిన ఆ సినిమా చావు చుట్టూ, పిట్టకు పెట్టే ముద్ద చుట్టూ, పదకొండో రోజు చుట్టూ తిరుగుతుంది. దానికి ఎనిమిదేళ్ల ముందే మాండ్య జిల్లా పల్లెలో రామ్ రెడ్డి తిథి అనే కన్నడ సినిమా తీశాడు. నూటొక్క ఏళ్ల తాత చనిపోతాడు, పదకొండో రోజు తిథిలోపు భూమి అమ్మేయాలని మనవడు ఎత్తులు వేస్తాడు, కొడుకుకు అదేం పట్టదు. నటులంతా ఊరివాళ్లే. లొకార్నోలో 2015లో బహుమతులు పొందింది. బలగం ఏడిపిస్తుంది, తిథి ముసిముసిగా నవ్విస్తుంది. ఒకే వారంలో రెండూ చూసిన ఇల్లు సినిమా గురించి మాట్లాడే తీరే మారుతుంది.

అలాగే సినిమా బండి. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, ఆటో నడిపేవాడికి కెమెరా దొరకడం, ఊరంతా కలిసి సినిమా తీయడం. దాని పక్కన ఫైజా అహ్మద్ ఖాన్ డాక్యుమెంటరీ సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్ పెట్టండి. మహారాష్ట్రలోని మరమగ్గాల పట్నంలో నిజంగానే అలా సినిమాలు తీసే మనుషులు. కల్పన కంటే నిజం ఎక్కువ నవ్విస్తుంది, అక్కడక్కడా ఎక్కువ బాధపెడుతుంది. నేతకారుడి కథ మల్లేశం చూసినవాళ్లు శ్యామ్ బెనగళ్ 1987లో పోచంపల్లి నేతకారుల మీద తీసిన సుస్మన్‌కు వెళ్లవచ్చు. బడిపిల్లల సినిమాలు ఇష్టపడేవాళ్లకు అబ్బాస్ కియరొస్తమీ 1987 చిత్రం, స్నేహితుడి నోటుపుస్తకం పొరపాటున ఇంటికి తెచ్చుకున్న పిల్లవాడు దాన్ని తిరిగివ్వడానికి పక్క ఊరు వెతుక్కుంటూ పోయే కథ, వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్. పెద్దవాళ్లెవరూ పిల్లవాడి మాట వినిపించుకోకపోవడం ఇరాన్‌కే పరిమితమైన సమస్య కాదు.

తెలుగులో స్వతంత్ర సినిమా లేదని బాధపడేవాళ్లు ఒకసారి వెనక్కి చూడాలి. నగేశ్ కుకునూర్ 17 లక్షల రూపాయలతో 1998లో హైదరాబాద్ బ్లూస్ తీశాడు. భాష ఇంగ్లీషు, ఊరు మనది. శేఖర్ కమ్ముల డాలర్ డ్రీమ్స్, ఇంద్రగంటి మోహనకృష్ణ చలం కథతో డిజిటల్ కెమెరా మీద తీసిన గ్రహణం, రెండింటికీ తొలి చిత్ర దర్శకులకిచ్చే జాతీయ అవార్డు దక్కింది. వెంకటేశ్ మహా కేరాఫ్ కంచరపాలెం 2018లో విశాఖ వాడలోని మనుషులతోనే తీశాడు. మెయిల్, కంబాలపల్లిలో కంప్యూటర్ సెంటర్ తెరిచిన కాలపు కథ, ఆహాలో వచ్చింది. ఇవి చూడాలంటే వెతకాలి. పెద్ద సినిమాల పోస్టర్ల వెనక ఎక్కడో ఉంటాయి.

మెదక్ నేల సంగతి ఇక్కడే ఎత్తుకోవాలి. గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి. నర్సింగరావు 1980లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో మా భూమి నిర్మించాడు. కిషన్ చందర్ నవల ఆధారం, తెలంగాణ రైతాంగ పోరాటం నేపథ్యం, గద్దర్ తెరమీదే కనిపించి పాడాడు. ఎనిమిదేళ్లకు నర్సింగరావే దాసి తీశాడు. దొర గడీలో ఒక దాసి రోజులు. మాట చాలా తక్కువ. గడపలు, మెట్లు, నీళ్ల బిందె, లోపలి గదుల చీకటి. అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది, అపూర్వ కిశోర్ బీర్ ఛాయాగ్రహణానికీ, తోట వైకుంఠం కళాదర్శకత్వానికీ వచ్చాయి. జపాన్ సినిమా నిదానాన్ని మెచ్చుకునేవాళ్లు మన జిల్లా మనిషి తీసిన ఈ నిదానాన్ని ఎందుకు చూడరో నాకు అంతుపట్టదు. బహుశా ఎవరూ చెప్పకపోవడమే. గడీల గోడలు చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా మిగిలే ఉన్నాయి. దాసి చూసినవాళ్లకు ఆ గోడలు అంతకుముందులా కనిపించవు.

డాక్యుమెంటరీలోనైతే పాత మెదక్ జిల్లాకు ప్రపంచంలోనే సాటి అరుదు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. సైట్ కాలపు టీవీ నిర్మాత పి.వి. సతీష్ దాన్ని నడిపించినవారిలో ముఖ్యుడు, 2023 మార్చిలో కన్నుమూసేదాకా. చిరుధాన్యాలు, విత్తనాలు, మహిళా సంఘాలు ఆ సంస్థ పని. తొంభైల చివర్లో సంఘాల్లోని ఆడవాళ్లకు, ఎక్కువగా దళిత స్త్రీలకు, వాళ్లలో చదవడం రాయడం రానివాళ్లకు, వీడియో కెమెరా నేర్పించారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. కెమెరా ఎక్కడ పెట్టాలో చెప్పే ఇంగ్లీషు పదాలు వాళ్లకు అక్కర్లేకపోయాయి, సొంత పేర్లు పెట్టుకున్నారు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెడితే అది సంఘం షాట్, సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు గనుక. ఎచ్చుతగ్గుల కోణానికి పేరు పెట్టడానికి ఊరి పటేల్ ఉండనే ఉన్నాడు. సినిమా విద్యాలయాల్లో ఏళ్లు చదివినా చూపులో అధికారం ఎక్కడుందో ఇంత తేటగా చెప్పడం కష్టం.

వాళ్లు ఊరికే సాధన చేసి వదిలేయలేదు. బీటీ పత్తి కొత్తగా వచ్చిన రోజుల్లో వరంగల్ రైతుల దగ్గరికి కెమెరా తీసుకుని వెళ్లారు. విత్తనం వేసిన రోజు నుంచి పంట ఇంటికొచ్చేదాకా మళ్లీ మళ్లీ పోయి అడిగారు, లెక్కలు రాయించారు. 2003లో వచ్చిన ఆ చిత్రం ఫ్రెంచ్, స్పానిష్ లాంటి భాషల్లోకి వెళ్లి దేశదేశాల రైతు సభల్లో ఆడింది. తర్వాత మూడేళ్ల అనుభవం కలిపి ఇంకో చిత్రం, దక్షిణాఫ్రికా లాంటి దేశాల పత్తి రైతులను కలిసి మరొకటి. వాటి వాదనతో విభేదించేవాళ్లు ఉంటారు, బీటీ పత్తి మీద శాస్త్రవేత్తల మధ్యే ఏకాభిప్రాయం లేదు. కానీ అడిగినవాళ్లు రైతులు, చెప్పినవాళ్లు రైతులు, భాష మన తెలంగాణ తెలుగు. విమానం దిగి వచ్చిన దర్శకుడికి చెప్పే మాట వేరు, పక్క జిల్లా ఆడకూతురికి చెప్పే మాట వేరు. ఆ తేడా తెరమీద కనిపిస్తుంది. 2008 అక్టోబరు 15న మాచునూరులో వాళ్లు మొదలుపెట్టిన సంఘం రేడియో దేశంలో స్వచ్ఛంద సంస్థ నడిపిన తొలి కమ్యూనిటీ రేడియోగా పేరు తెచ్చుకుంది. అది చాలామందికి తెలుసు, చిత్రాల సంగతి తెలియదు. యూట్యూబ్‌లో వెతికితే దొరికేవి ఉన్నాయి. ఏ యంత్రమూ తనంతట తాను వాటిని మీ ముందు పెట్టదు. పత్తి వేసే రేగోడ్ రైతు ఫోన్‌కు కొరియా సిరీస్ ప్రకటన వస్తుంది, ఈ చిత్రం రాదు.

డాక్యుమెంటరీల విషయంలో యూట్యూబే పెద్ద గ్రంథాలయం, డబ్బు కట్టనక్కర్లేదు. ఫిలిమ్స్ డివిజన్ పాత చిత్రాలు, పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ ట్రస్ట్ 2000 నుంచి నిర్మించిన చిత్రాల్లో చాలా భాగం అక్కడున్నాయి. జర్మనీ డీడబ్ల్యూ, అల్ జజీరా సంస్థలు ఇంగ్లీషులో వారం వారం కొత్తవి పెడతాయి. కొరియా ఫిలిం ఆర్కైవ్ తన దేశపు పాత సినిమాలను, రష్యా మోస్‌ఫిల్మ్ తన పెద్ద చిత్రాలను ఇంగ్లీషు అక్షరాలతో ఉచితంగా పెట్టాయి. కెనడా ప్రభుత్వ ఫిలిం బోర్డు సైట్‌లోనూ చాలావరకు ఉచితమే. మన ఆనంద్ పట్వర్ధన్ చిత్రాలు దొరుకుతాయి, దూరదర్శన్‌లో ప్రసారం కోసం ఆయన కోర్టుల చుట్టూ తిరిగి 2006లో సుప్రీంకోర్టు దాకా గెలిచిన కాలంలో ఇది ఊహించలేనిది. హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్ పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ మీద 2007లో తీసిన ది అడ్వకేట్, రోహిత్ వేముల మరణం తర్వాత 2018లో తీసిన చిత్రం తెలుగు ఇళ్లలో తప్పక చూడాల్సినవి.

ఖర్చు గురించి రెండు మాటలు. మామూలు నాణ్యతతో చూస్తే గంటకు ఒక జీబీ లోపే, హెచ్‌డీ అయితే మూడు జీబీ దాకా అవుతుంది. రోజుకు రెండు జీబీల ప్లాన్ మీద పెద్ద టీవీకి కలిపి చూస్తే సినిమా సగంలో ఆగిపోతుంది. వైఫై ఉన్నచోట ముందే డౌన్‌లోడ్ చేసుకోవడం మేలు. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్లలో సంగుపేట ఒకటి, రేగోడ్ లాగే అదీ అందోల్ నియోజకవర్గంలోనిదే. ఆ తీగ ఇల్లిల్లూ చేరితే ఈ పేరాకు పని ఉండదు.

ఇంట్లో చూడటం అంటే ఒంటరిగా చూడటమేనా అన్నది చివరి చిక్కు. బలగం ఓటీటీలోకి వచ్చిన 2023 వేసవిలో తెలంగాణ పల్లెల్లో పంచాయతీ ముందు, బడి ఆవరణలో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. కుటుంబాలు కలిసిపోయాయన్న వార్తలు పేపర్లలో వచ్చాయి. అనుమతి లేకుండా వేస్తున్నారన్న ఫిర్యాదూ వచ్చింది. రెండూ నిజమే. ఓటీటీ చందా ఇంటికే, వాడకట్టుకు కాదు. పెద్ద సినిమాకు హక్కులు అడిగితే జవాబు వస్తుందన్న నమ్మకం లేదు. డాక్యుమెంటరీ తీసినవాళ్లు వేరు, వాళ్లకు చూసేవాళ్లే కావాలి. ఏ ఊళ్లో, ఎందరు, టికెట్ లేకుండా చూస్తారో రాసి అడిగితే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ, కొందరు వచ్చి మాట్లాడతారు కూడా. పస్తాపూర్‌కైతే ఈమెయిల్ కూడా అక్కర్లేదు. పొద్దున బయల్దేరితే మనిషిగా వెళ్లి అడిగి సాయంత్రానికి తిరిగి రావచ్చు.